చీకటికొండ ఆనవాయితీ

చీకటికొండ నెత్తిన ఒక గుహ, ఆ గుహలో గబ్బిలాల మఠం. పగలంతా ఆ గబ్బిలాలు కప్పుకి తలకిందులుగా వేలాడుతూ ఉండేవి. కింద లోయలోని జంతువులు దాన్ని తపస్సు అనేవి. అది తపస్సో నిద్రో దగ్గరికెళ్లి చూసినవాళ్లు లేరు. అయితే లోయకంతటికీ ఉన్న ఒకే ఒక ఊట ఆ గుహలోనే పుట్టి కిందికి దిగేది కాబట్టి, తపస్సు అనుకోవడమే అందరికీ క్షేమంగా ఉండేది.

మఠానికి పెద్ద అధోముఖస్వామి. రెక్కలు ముడతలు పడిపోయిన ముసలి గబ్బిలం. ఆయన మాట్లాడడం తక్కువ, వినడం ఎక్కువ. వ్యవహారమంతా నడిపేది పారుపత్తేదారు జంబులింగం. అతను నక్క. మఠం పేరు చెప్పి వసూలు చెయ్యడం, మఠం పేరు చెప్పి కసరడం, మఠం పేరు చెప్పి మధ్యాహ్నం కునుకు తియ్యడం అతని పనులు.

మొదట్లో సంగతి వేరుగా ఉండేదని పెద్దలు చెప్పేవారు. ఎక్కడో కరువొచ్చి తిండీ నీళ్లూ లేక తిరుగుతున్న గేదెల్నీ మేకల్నీ గాడిదల్నీ పిలిచి, ఈ లోయలో ఉండండి, ఊట నీళ్లు తాగండి అన్నది ఆ మఠమే. ఆ మేలు నిజమే. తర్వాత ఒక వరద ఏడు మఠానికి పొయ్యిలోకి కట్టెలు లేకపోతే ఊరంతా కలిసి మోసి ఇచ్చింది. మరుసటేడు అడిగితే మళ్లీ ఇచ్చింది. ఆ పై ఏడు జంబులింగం తాత అడగలేదు, ఎందుకు రాలేదని గద్దించాడు. అప్పట్నుంచి కట్టెలు మొయ్యడం వెట్టి అయింది. జొన్నలు మఠం తిరగలిలోనే విసరాలి, విసిరిన పిండిలో నాలుగో వంతు అక్కడే వదిలి రావాలి అన్నదీ అలాగే వచ్చింది. పళ్లూడిన ముసలివాళ్లకీ పాలు మానిన పిల్లలకీ జావే ఆధారం. అందుకని గంప నెత్తిన పెట్టుకుని కొండెక్కని ఇల్లు లేదు.

అన్నిటికన్నా బరువైనది ఇంకోటి ఉంది. ఇంటి పెద్ద చనిపోతే ఆ ఇంట్లో బలమైన బిడ్డ కొండమీదికి వెళ్లి, బతికినన్నాళ్లూ మఠం చాకిరీలో ఉండిపోవాలి.

ఆ బరువు ఒక ఎండాకాలం బొల్లి అనే గేదె మీద పడింది. నుదుట తెల్లమచ్చ ఉన్న గేదె ఆమె. నడక నిదానం, మాట ఇంకా నిదానం. ఏదైనా విన్నదంటే సాయంత్రం దాకా నెమరేస్తేగాని జవాబు చెప్పదని ఊళ్లో నవ్వుకునేవారు. ఆమె మొగుడు మఠానికి కట్టెలు మోస్తూ దారిలోనే కూలిపోయాడు. కర్మకాండ ముగియకముందే జంబులింగం గుమ్మంలో నిలబడి, ఆమె కొడుకు కాటన్నని బయల్దేరమన్నాడు. కాటన్నకి అప్పుడప్పుడే కొమ్ములు వంపు తిరుగుతున్నాయి.

బొల్లి ఏడవలేదు. అడ్డం నిలబడలేదు. ఒక్క సంగతి మాత్రం అడిగింది.

"ఈ పద్ధతి ఎవరు పెట్టారు దొరా?"

"ఎవరూ పెట్టలేదే. ఒక తాబేలు పోతూ పోతూ తన కొడుకుని స్వామి సేవకి ఇచ్చాడు. మరుసటేడు ఇంకెవరో ఇచ్చారు. ఆ పై ఏడూ ఇచ్చారు. మూడేళ్లు వరసగా జరిగితే అది ఆనవాయితీ. దాన్ని నువ్వు మార్చలేవు, నేను మార్చలేను, ఆఖరికి స్వామివారు కూడా మార్చలేరు."

"స్వామివారు కూడానా?"

"స్వామివారు కూడా," అన్నాడు జంబులింగం. అంత గట్టిగా చెప్పినందుకు తనని తానే మెచ్చుకుంటూ కాటన్నని తోలుకుని వెళ్లిపోయాడు. కాటన్న కొండ మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాడు. బొల్లి ఆ సాయంత్రం గడ్డి ముట్టలేదు. కానీ దవడ మాత్రం ఆడుతూనే ఉంది.

ఊళ్లో పొట్టేలు బీరయ్యకి ఇది చూసి రక్తం మరిగింది. అతనికి ఆలోచన కంటే ముందు కొమ్ములు లేచేవి. మేకల్నీ గొర్రెల్నీ కూడగట్టుకుని కొండెక్కాడు. గుహ ముందు నిలబడి కాటన్నని పంపమని కేకలేశాడు. లోపలున్న గబ్బిలాలు కళ్లు కూడా తెరవలేదు. జంబులింగం మాత్రం చాకిరీవాళ్లని పిలిచి, ఊట నోటికి పెద్ద పలకరాయి అడ్డం పెట్టించాడు. వాగు సన్నగిల్లింది, తర్వాత తడిసిన ఇసుక మిగిలింది, తర్వాత అదీ ఎండింది. పిల్లల నాలుకలు బయటికి రావడం చూసి బీరయ్యే వెళ్లి తల వంచాడు. రాయి తీశారు గాని, ఆ ఏడు కట్టెలు రెట్టింపు మొయ్యాల్సి వచ్చింది. బీరయ్య కొన్నాళ్లు ఎవరి మొహమూ చూడలేకపోయాడు.

ఆ వానాకాలంలోనే పిడుగు పడి మఠం తిరగలి రెండు చెక్కలైంది.

జంబులింగం తల పట్టుకున్నాడు. వాగు అవతల తిరగలికి పనికొచ్చే గుండ్రటి రాయి ఒకటి పడుంది. కానీ దాన్ని కొండెక్కించాలంటే గేదో దున్నో కావాలి. కాటన్నని కిందికి దింపితే తల్లీకొడుకులిద్దరూ కలిసి లోయ దాటి పోతారని అతని భయం. ఊళ్లో అంత బలమున్నవాళ్లలో ఇక మిగిలింది బొల్లి. కొడుకుని తీసుకుపోయినవాడే వచ్చి రాయి లాగమంటే ఏమంటుందోనని కొంచెం జంకుతూనే అడిగాడు. ఆమె సరేనంది. మరీ అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు.

"మరి రాయి పైకి చేరేదాకా మా జొన్నల మాటేమిటి దొరా?" అని అడిగింది.

అదీ ఆలోచించాల్సిందే. ఊరు విసరకపోతే మఠానికి పిండి రాదు. ఇళ్లలో బండల మీద నూరుకుంటే నాలుగో వంతు ఎంతో లెక్క తేల్చడానికి ఇల్లిల్లూ తిరగాలి, తిరగడం జంబులింగానికి గిట్టదు. అందుకని, ఈ ఏటికి మాత్రం ఎవరింట్లో వాళ్లు నూరుకోండి, పంట చివర ఇంటికో గంప పిండి కొండ కిందికి తెచ్చి ఇవ్వండి, చాలు అన్నాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

బొల్లి మెడకి తాడు కట్టుకుని రాయి లాగడం మొదలుపెట్టింది.

ఆ లాగడం చూడాల్సిందే. ఒక అడుగు వేస్తుంది, నిలబడుతుంది. తాడు సర్దుకుంటుంది. ఊపిరి పీల్చుకుంటుంది. ఇంకో అడుగు వేస్తుంది. ఎండ ముదిరితే వాగులోకి దిగి ముక్కు మాత్రం పైన ఉంచి పడుకుంటుంది. గేదె వాగులో దిగకూడదని ఏ మఠమూ అనలేదు. జంబులింగం అరిస్తే, తొందరపడితే తాడు తెగుతుంది దొరా, తెగితే రాయి మళ్లీ కిందికే పోతుంది అని నిదానంగా చెప్పేది. అది అబద్ధం కాదు కాబట్టి అతను పళ్లు కొరుక్కుని వెళ్లిపోయేవాడు. వానలు పడితే దారి జారుడు, రాయి రెండు బారలు వెనక్కి దొర్లేది. ఆమె కోపం తెచ్చుకోకుండా మళ్లీ కిందికి వెళ్లి తాడు కట్టుకునేది.

ఊరికి ఇది నచ్చలేదు. కొడుకుని లాక్కున్న మఠానికే రాయి మోస్తోందని వెనక అనుకున్నారు. బీరయ్య వెనక అనే రకం కాదు. దారిలో ఎదురొచ్చి మొహం మీదే అడిగాడు.

"నీకు సిగ్గనిపించడం లేదా అక్కా? నేను ఓడిపోయాను, నిజమే. కానీ నీలా గొలుసు మెడకి తగిలించుకోలేదు."

బొల్లి నెమరేస్తూ అతన్ని చూసింది. "నువ్వు రోజూ ఇంటి ముందు బండ మీద జొన్నలు నూరుకుంటున్నావా తమ్ముడూ?"

"నూరుకుంటున్నాను. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"నూరుకో. అందరికీ కనబడేలా నూరుకో. పిండి గంప మాత్రం ఎవరూ ఎగ్గొట్టకుండా చూడు. ఆ జంబులింగం తీసుకోవాలి. చేత్తో తీసుకోవాలి."

బీరయ్యకి అర్థం కాలేదు. కానీ ఆమె గొంతులో లొంగిపోయినవాళ్ల గొంతులో ఉండే నీరసం లేదు. అది గమనించి, వెళ్లి చెప్పింది చేశాడు.

ఆమె కష్టం రాయి బరువు కాదు. రెండో ఏడు రాయి సగం కొండ చేరింది. అక్కడి మలుపు నుంచి తల ఎత్తితే మఠం వాకిలి కనిపిస్తుంది. సాయంత్రాలు కాటన్న కట్టెలు పేరుస్తూ కనిపించేవాడు. చిక్కిపోయాడు. ఒకరోజు తల్లిని చూసి గుర్తుపట్టి, పై నుంచి కేక వేశాడు. త్వరగా రా అమ్మా అన్నాడు. తాడుని గట్టిగా ఒక వారం లాగితే బొల్లి అతని పక్కన నిలబడగలదు. ఆ బలం ఆమె మెడలో ఉంది. ఆమె తల దించుకుంది. ఒక అడుగు వేసి, నిలబడి, తాడు సర్దుకుంది. కాటన్న ఇంకోసారి పిలవలేదు. తల్లికి తన మీద బెంగ లేదనుకున్నాడో ఏమో. ఆ రాత్రి బొల్లికి నెమరు కూడా రాలేదు.

మూడో ఏడు పంటలయ్యాయి. మొదటి రెండేళ్లలాగే ఊరంతా గంపలు తెచ్చి కొండ కింద పేర్చింది. బొల్లి జంబులింగంతో, ఎవరెవరు ఇచ్చారో గట్టిగా చెప్పండి దొరా, లేకపోతే ఇవ్వనివాళ్లు కూడా ఇచ్చామంటారు అంది. ఇది అతనికి నచ్చింది. ఒక్కొక్కరి పేరూ పిలిచి, ముట్టింది ముట్టింది అంటూ గంపలన్నీ తీసుకున్నాడు. ఆ మర్నాటి నుంచి బొల్లి నడక మారింది. జంబులింగం నోరు తెరుచుకుని చూస్తుండగా, రాయి నాలుగు రోజుల్లో మఠం వాకిట్లోకి వచ్చి కూర్చుంది.

రేపట్నుంచి అందరూ కొండమీదే విసరాలని అతను చాటింపు వేయించాడు. ఎవరూ రాలేదు. ఆ సాయంత్రం, గబ్బిలాలు కళ్లు తెరిచే వేళకి, బొల్లి గుహ ముందుకొచ్చి స్వామివారితో ఒక మాట అడగాలంది. వెనక ఊరంతా ఉంది. జంబులింగం ముందుగా తనే అందుకుని, వీళ్లు తిరగలి ఎగ్గొడుతున్నారని ఫిర్యాదు చేశాడు.

అధోముఖస్వామి తలకిందులుగానే బొల్లిని చూశాడు. "ఎందుకు విసరరు తల్లీ?"

"ఇళ్లలో నూరుకుని గంప ఇవ్వడం ఆనవాయితీ స్వామీ. మూడేళ్లయింది."

"అది తిరగలి విరిగిందని ఇచ్చిన వెసులుబాటు స్వామీ," అన్నాడు జంబులింగం. "ఆ ఏటికి మాత్రమే అని చెప్పాను."

"నిజమే, చెప్పారు," అంది బొల్లి. "వరద ఏడు కట్టెలు మోసినప్పుడు కూడా మా తాతలకి ఆ ఏటికి మాత్రమే అనే చెప్పారట. ఏటికి మాత్రమే అన్నది మూడేళ్లకి ఆనవాయితీ కాదంటే కట్టెలూ కాదు. అవుతుందంటే మా బండలూ అవుతాయి. రెండింట్లో ఏది నిజమో మీరే చెప్పండి. మేం దానికి కట్టుబడతాం."

గుహ లోపల రెక్కల చప్పుడు ఆగిపోయింది. 

 స్వామి మోసగాడు కాదు, తెలివితక్కువవాడు అంతకన్నా కాదు. ఒక తిరగలి పోవడం కంటే అన్నీ పోవడం పెద్ద నష్టమని ఆయనకి తెలుసు. గంపలు మూడేళ్లూ తీసుకున్నావా అని జంబులింగాన్ని అడిగాడు. తీసుకున్నాను స్వామీ, కాని అని అతను నసిగాడు. "కాని ఏమీ లేదు," అన్నాడు స్వామి. "బండలు ఊరివి. గంప మఠానిది. వెళ్లిరండి."

కొండ దిగుతూ బీరయ్య, మరి కాటన్నని ఎందుకు అడగలేదని గొణిగాడు. ఇప్పుడడిగితే కాదంటారు, కాదన్న మాట కూడా ఆనవాయితీలోకి వెళ్తుంది అంది బొల్లి. బీరయ్య మొదటిసారి కొమ్ములు దించి ఆలోచించాడు.

ఆ మూడేళ్లూ పాత నిల్వతో నెట్టుకొచ్చారు గాని, తిరగలి వాటా శాశ్వతంగా పోయేసరికి మఠంలో పిండి తగ్గింది. ఇంటికో గంప గబ్బిలాలు పళ్లరసాల్లో కలుపుకోవడానికి సరిపోతుంది గాని, గేదెల్నీ గాడిదల్నీ పోషించడానికి చాలదు. కొండమీద పడుకునేవాళ్లకి రాత్రి తిండి మఠమే పెట్టాలి, అదీ పాత ఆనవాయితే. జంబులింగం తనకి వచ్చే ముద్ద చిన్నదవడం చూసి, వాళ్లు పారిపోతారన్న భయం పక్కనబెట్టాడు. చాకిరీవాళ్లు పగలు పని చేసి రాత్రి మీ మీ ఇళ్లకి పోయి తినండి అన్నాడు.

కాటన్న మొదటి సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు, లోపలికి రావాలా వద్దా తెలియనివాడిలా. బొల్లి గడ్డి ముందుకి నెట్టింది. తర్వాత అతని మెడ మీద తాడు ఒరిసిన చోటంతా నాలుకతో నాకుతూ నిలబడింది. అంత నిదానంగా ఎందుకు నడిచావని అతను అడిగాడు. ఆమె మూడేళ్ల లెక్క చెప్పింది. అతను తల తెచ్చి ఆమె మెడకి ఆనించాడు.

ఎవరూ పారిపోవద్దని, ఎవరూ మాట తూలొద్దని, మఠం పని మఠానికి సరిగ్గా చెయ్యమని బొల్లి ఊరికి చెప్పింది. ఒక ఏడు గడిచింది, రెండేళ్లు గడిచాయి. మూడో ఏడు చివర్లో జంబులింగానికి మెలకువ వచ్చింది. ఒక్క రాత్రి వీళ్లని కొండమీద పడుకోబెడితే వరస తెగిపోతుంది కదా అని లెక్క వేసుకుని, రేపు అందరూ మఠంలోనే ఉండాలని కబురు పెట్టాడు.

ఊరు బెంబేలెత్తింది. బొల్లి మాత్రం చాకిరీవాళ్లని పిలిచి, సంతోషంగా వెళ్లమంది. వెళ్లేముందు ఇక్కడ గడ్డిపరక కూడా ముట్టొద్దు, రేపంతా పని గట్టిగా చెయ్యండి అంది.

మర్నాడు సూర్యుడు దిగుతుండగా, పొద్దుట్నుంచి ఏమీ తినని దున్న, ఎద్దు, గాడిదలు మఠం ముందు వరసగా నిలబడి, రాత్రి ఉంటున్నాం కాబట్టి తిండి పెట్టించమని మర్యాదగా అడిగాయి. జంబులింగం ఉన్న పిండి పోశాడు. అది గాడిదలకే సరిపోయింది. తనకోసం దాచుకున్నది తెచ్చి పోశాడు. ఎద్దు మూతి తుడుచుకుని మళ్లీ చూసింది. కాటన్న అసలు మొదలే పెట్టలేదు. చేసేది లేక జంబులింగం, స్వామివారి కోసం ఉంచిన మేడిపళ్ల బుట్ట వైపు చెయ్యి చాచాడు. పై నుంచి అధోముఖస్వామి గొంతు వినిపించింది.

"జంబులింగం, ఆ బుట్ట అక్కడ పెట్టు. వీళ్లని చీకటి పడకముందే కిందికి పంపు."

"స్వామీ, ఈ ఒక్క రాత్రి ఉంచకపోతే..."

"ఉంచితే రేపు నేనేం తినను?"

చీకటి పడకముందే అందరూ ఇళ్లకి చేరారు. కాటన్న ఆ రాత్రి తల్లి పెట్టిన గడ్డి తిన్నాడు. వరస తెగలేదు.

ఆ తర్వాత ఒకటొకటిగా జరిగాయి. రాత్రి కొండమీద ఎవరూ లేకపోవడంతో, వానకి పలకరాయి జారి ఊట నోటికి అడ్డం పడి గుహలోకి నీళ్లు ఎక్కినప్పుడు ఊరే వెళ్లి తియ్యాల్సి వచ్చింది. మరుసటి వానకీ ఊరే తీసింది. ఆ పై వానకి, ఆ రాయి ఎప్పుడు తియ్యాలో ఎక్కడ పెట్టాలో ఊరే చెప్పింది. దాహంతో బెదిరించే అధికారం అలా పోయింది. ఒక గాడిద ఇంట్లో పెద్ద చనిపోతే, ఆ బిడ్డని తీసుకోవాలా అని జంబులింగం అడిగాడు. పగటి మేతైనా ఎవరు పెడతారని స్వామి అడిగాడు. తీసుకోలేదు. మరుసటేడు ఒక మేక ఇంట్లోనూ తీసుకోలేదు. ఆ పై ఏడు చనిపోయింది బొల్లే. అప్పటికి ముసలిదైపోయింది. కాటన్న తన బిడ్డని పక్కన నిలబెట్టుకుని దారి వైపు చూస్తూ కూర్చున్నాడు. కొండ మీంచి ఎవరూ దిగి రాలేదు. బీరయ్య ఊరంతా తిరిగి ఆ సంగతి చెప్పొచ్చాడు.  కట్టెల వెట్టి తేలడానికి ఇంకో తరం పట్టింది గాని, అదీ తేలింది.

పోయేముందు బొల్లి ఊరికి ఒక మాట చెప్పింది. మఠం మీద పగ పెట్టుకోవద్దంది. కరువులో నీళ్లిచ్చిన చెయ్యి అది, మీకు మనసైతే మేడిపళ్లు పంపండి అంది. "కానీ రెండేళ్లు పంపి మూడో ఏడు మానెయ్యండి. నాలుగో ఏడు కావాలంటే మళ్లీ మొదలుపెట్టండి."

ఊరు అలాగే చేసింది. రెండేళ్లు మేడిపళ్లు వెళ్లాయి. మూడో ఏడు జంబులింగం ముసలి కాళ్లీడ్చుకుంటూ ఖాళీ బుట్టతో లోయలోకి దిగి, పళ్లెక్కడని అడిగాడు. కాటన్న నిదానంగా నెమరేస్తూ, వచ్చే ఏడు మనసైతే పంపుతాం దొరా, కూర్చుని జావ తాగి వెళ్లండి అన్నాడు. జంబులింగానికి కోపం వచ్చింది గాని, ఆకలి అంతకంటే ఎక్కువగా ఉంది. కూర్చుని తాగాడు, మరుసటి రోజు కూడా వచ్చి తాగాడు. మూడో రోజు ఇంటి ముందు బండ చూపించి, ఈ పూట జొన్నలు మీరే నూరుకోండి అన్నాడు కాటన్న.

ఇతరులని కట్టెయ్యడానికి రాసుకున్న పద్ధతి మనల్నీ కట్టేస్తుంది. ఓపికున్నవాళ్లు దాన్ని చదివి తీరతారు.